పాఠం 17: క్రీడా మైదానంలో వైర్‌లెస్ ఇంటర్నెట్

17.1 పరిచయం

క్రికెట్ పోటీకి వెళ్ళినవారిలో చాలామందికి ఈ అనుభవం ఉంటుంది. ఫోన్ తెర మీద సిగ్నల్ గీతలు నిండుగా కనిపిస్తాయి, కాని తీసిన ఫొటో మాత్రం ఇంటివారికి చేరదు. సిగ్నల్ ఉండి కూడా పని ఎందుకు జరగదు? ఈ పాఠంలో దానికి కారణాన్ని, పరిష్కారాన్ని తెలుసుకుందాం.

17.2 లక్ష్యాలు

ఈ పాఠం చదివిన తరువాత మీరు:
- జనసమూహంలో ఇంటర్నెట్ మందగించడానికి కారణం వివరించగలుగుతారు;
- సీట్ల కింద వైఫై పరికరాలు ఎందుకు అమరుస్తారో చెప్పగలుగుతారు;
- ఉచిత వైఫై వాడేటప్పుడు తీసుకోవలసిన జాగ్రత్తలు పాటించగలుగుతారు.

17.3 సమస్య బలానిది కాదు, వాటాది

మీ అధ్యయన కేంద్రంలో సంపర్క తరగతి జరుగుతున్నదనుకోండి. మైదానంలో వెయ్యి మంది అభ్యాసకులు, ఒకే ఒక ఉపాధ్యాయుడు. ఒకరు మాట్లాడుతుంటే మిగిలినవారు ఆగాలి. ఉపాధ్యాయుడు గొంతు పెంచినంత మాత్రాన అందరికీ వంతు వస్తుందా? రాదు. అదే 20 మంది చొప్పున వేరువేరు గదుల్లో కూర్చోబెట్టి, గదికొక ఉపాధ్యాయుణ్ణి పంపితే అందరి సందేహాలూ తీరుతాయి.

వైఫై కూడా ఇంతే. ఫోన్లకు ఇంటర్నెట్ అందించే రేడియో పెట్టెను యాక్సెస్ పాయింట్ అంటారు. ఒక ఛానల్‌లో ఒక సమయంలో ఒకరే మాట్లాడాలి. అందుకే ప్రతి ఫోనూ ముందు విని, ఖాళీ ఉన్నప్పుడే పంపుతుంది. వేలమంది ఒకే పెట్టె మీద ఆధారపడితే ఎక్కువ సమయం నిరీక్షణకే సరిపోతుంది. పెట్టె శక్తి పెంచితే దాని మాట మరింత దూరం వినిపిస్తుంది. అంటే మరింతమంది ఆగవలసి వస్తుంది.

17.4 చిన్న గదులు కట్టడం ఎలా?

మైదానంలో గోడలు ఉండవు. 2.4 గిగాహెర్ట్జ్ పట్టీలో ఒకదానితో ఒకటి కలవని ఛానల్స్ సాధారణంగా మూడే దొరుకుతాయి: 1, 6, 11. 5 గిగాహెర్ట్జ్ పట్టీలో ఎక్కువ దొరుకుతాయి గనుక స్టేడియంలలో దానికే ప్రాధాన్యం. అయినా ఒకే ఛానల్‌ను అనేక చోట్ల మళ్ళీ వాడక తప్పదు. అలా వాడాలంటే ఒక పెట్టె మాట పక్క పెట్టెకు వినపడకూడదు.

ఇక్కడ ప్రేక్షకులే గోడలవుతారు. మన శరీరంలో అధిక భాగం నీరు. అది ఈ రేడియో తరంగాలను పీల్చుకుంటుంది. పెట్టెను సీటు కింద అమర్చి, తక్కువ శక్తితో నడిపితే దాని సంకేతం కొన్ని వరుసలు దాటేసరికి బలహీనపడుతుంది. ఆ అవతల అదే ఛానల్‌ను తిరిగి వాడుకోవచ్చు. అందుకే ఖాళీ స్టేడియంలో చేసిన పరీక్షను పూర్తిగా నమ్మరాదు. జనం లేనప్పుడు ఆ గోడలు ఉండవు.

అమెరికాలోని శాంటా క్లారాలో 2014లో ప్రారంభమైన లివైస్ స్టేడియం దీనికి మంచి ఉదాహరణ. సుమారు 68,500 మంది కూర్చోగల ఆ ప్రాంగణంలో దాదాపు 1,200 యాక్సెస్ పాయింట్లు పెట్టారు. సీట్ల ప్రాంతంలో దాదాపు 100 సీట్లకు ఒకటి చొప్పున, అనేకం సీట్ల కిందనే అమర్చారు. 2016 ఫిబ్రవరిలో అక్కడ జరిగిన 50వ సూపర్ బౌల్ ఫుట్‌బాల్ పోటీ రోజున వైఫై ద్వారా 10 టెరాబైట్లకు పైగా సమాచారం ప్రసారమయింది.

ఇంకొక విశేషం గమనించండి. ఇంట్లో మనం ఇంటర్నెట్ నుంచి తెచ్చుకునేదే ఎక్కువ. స్టేడియంలో మాత్రం వికెట్ పడగానే వేలమంది ఒక్కసారిగా వీడియోలు పంపుతారు. అందువల్ల పంపే దారి కూడా వెడల్పుగా ఉండాలి. పెట్టెలన్నిటినీ బయటి ప్రపంచంతో కలిపే ఫైబర్ కేబుల్‌కు తగిన సామర్థ్యం లేకపోతే పై ఏర్పాట్లన్నీ వృథా.

మీ ప్రగతిని తెలుసుకోండి – 1

1. యాక్సెస్ పాయింట్ శక్తి పెంచితే రద్దీ ఎందుకు తగ్గదు?
2. ఒక గ్యాలరీలో 6,000 మంది ఉన్నారు. సగం మంది వైఫై వాడుతున్నారు. ఒక్కొక్క పెట్టె సెకనుకు 100 మెగాబిట్లు ఇవ్వగలదు. (అ) ఒకే పెట్టె ఉంటే, (ఆ) ఒకదానికొకటి అడ్డురాని 60 పెట్టెలు ఉంటే, ఒక్కొక్కరికి ఎంత అందుతుంది?

17.5 మన దేశంలో పరిస్థితి

మన దేశంలో 2.4 గిగాహెర్ట్జ్ పట్టీని 2005లో, 5 గిగాహెర్ట్జ్ పట్టీలో విస్తృత భాగాన్ని 2018లో లైసెన్సు అవసరం లేకుండా వాడుకోనిచ్చారు. ఇది మేలే. అయితే ఆ పట్టీలపై ఎవరికీ ప్రత్యేక హక్కు లేదు. ప్రేక్షకులు తమ ఫోన్లలో హాట్‌స్పాట్ తెరిస్తే అదీ ఆ ఛానల్‌లోనే వాటా కోరుతుంది.

బహిరంగ వైఫైలో చేరడానికి సాధారణంగా ఫోన్ నంబరు ఇచ్చి, సందేశంగా వచ్చే ఓటీపీ నమోదు చేయాలి. దుర్వినియోగం జరిగినప్పుడు వాడినవారిని గుర్తించడానికి ఈ నియమం. ఇందులో ఒక చిక్కు ఉంది: ఆ సందేశం రావలసింది రద్దీతో కిక్కిరిసిన మొబైల్ నెట్‌వర్క్ ద్వారానే. వైఫై ఎవరికి ఎక్కువ అవసరమో వారే గుమ్మం దగ్గర ఆగిపోతారు. భారతీయ సిమ్ లేని విదేశీ ప్రేక్షకునికీ ఇదే ఇబ్బంది. ప్రవేశ ద్వారానికి చేరకముందే నమోదు పూర్తయ్యే ఏర్పాటు ఉంటే ఈ చిక్కు తగ్గుతుంది.

టికెట్టు ఫోన్లోనే ఉన్నచోట ఇది వినోదానికి సంబంధించిన మాట మాత్రమే కాదు. ద్వారం వద్ద టికెట్టు తెరుచుకోకపోతే వరుస ఆగుతుంది, వెనుక తోపులాట పెరుగుతుంది. కనుక టికెట్టును ఇంటివద్దే ఫోన్లో భద్రపరచుకోండి. నిర్వాహకులు కూడా అత్యవసర సమాచారానికి వైఫైని మాత్రమే నమ్ముకోకూడదు. లౌడ్‌స్పీకర్లు, స్పష్టమైన దారి గుర్తులు తప్పనిసరి.

17.6 వాడేవారికి జాగ్రత్తలు

- స్టేడియం బోర్డు మీద ఉన్న నెట్‌వర్క్ పేరునే ఎంచుకోండి. అటువంటి పేరుతోనే మోసగాళ్ళు మరొకటి నడపవచ్చు.
- అక్కడ బ్యాంకు లావాదేవీలు వాయిదా వేయండి.
- ఉచితమంటే వెల లేనిదని కాదు. మీ నంబరును దేనికి వాడతారో చదివి అంగీకరించండి. 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం ఇచ్చిన సమ్మతిని ఉపసంహరించుకునే హక్కును గుర్తించింది.

17.7 సారాంశం

జనసమూహంలో కొరత సంకేతానికి కాదు, వంతుకు. ఒక పెద్ద గొంతు కంటే అనేక చిన్న గొంతులు మేలు. పరికరాలతో పాటు నమోదు విధానం, భద్రత కూడా సక్రమంగా ఉన్నప్పుడే ఆ సౌకర్యం చివరి వరుస ప్రేక్షకునికి అందుతుంది.

17.8 పాఠాంత ప్రశ్న

మీ ఊరి జాతరలో ఉచిత వైఫై పెట్టాలని పంచాయతీ నిర్ణయించింది. ఎత్తైన స్తంభం మీద శక్తిమంతమైన పరికరం ఒక్కటి చాలని ఒక సభ్యుడు అన్నాడు. మీ అభిప్రాయాన్ని కారణాలతో రాయండి.

జవాబులు (మీ ప్రగతి – 1)

1. ఒక ఛానల్‌లో ఒకసారి ఒకరే పంపగలరు. శక్తి పెరిగితే మరింతమందికి వినిపించి, వేచి ఉండేవారే పెరుగుతారు.
2. (అ) 100ను 3,000తో భాగించగా సుమారు 0.03 మెగాబిట్లు. (ఆ) పెట్టెకు 50 మంది, కనుక 2 మెగాబిట్లు.