సముద్రములో ధ్వని జాడ

ధ్వని సముద్రజలములో సెకండునకు సుమారు 1500 మీటర్లు పోవునని పిల్లలు అప్పజెప్పుదురు. అప్పుడు "ఏ నీటిలో?" అని తల్లిదండ్రులు అడుగవలెనని మా కోరిక. 1826లో జెనీవా సరస్సునందు కొలాడన్, స్టర్మ్ అనువారు నీటిలో గంట మ్రోగించి కొలువగా వచ్చినది 1435 మీటర్లే. నీటి వేడిమి, ఉప్పదనము, లోతు మారిన వేగమును మారును.

వేగము మారుచోట, ఎండమావిలో వెలుగువలె, ధ్వనియు వంగును. పైగా అలలకును అడుగునేలకును తగిలి మరలివచ్చును. ఒకే మ్రోత పలుమార్గముల వచ్చి చెవికి చేరుచుండగా, అది పుట్టిన చోటు తెలియుట ఎట్లు?

త్రాటికి హైడ్రోఫోనులను నిలువుగా కట్టి దింపుదురు. మ్రోత ఫలానా దూరమున, ఫలానా లోతున పుట్టినచో ఒక్కొక్క దానికి ఎట్లు వినబడవలెనో గణితముచే ముందే కట్టుదురు. ఇట్లు వేలకొలది తావులకు లెక్కవేసి, నిజముగా వినబడినదానితో సరిచూతురు. మిక్కిలి సరిపడిన తావే మ్రోత పుట్టిన చోటని ఎంచుదురు. లోతు తక్కువ సముద్రములకు ఈ పద్ధతిని 1976లో హోమర్ బకర్ వివరించెను.

చిక్కంతయు ఇక్కడనే కలదు. లెక్కలో సముద్రపులోతు తప్పినను యంత్రము తడబడదు. లేనిచోటును ధీమాగా చూపును. అందుచేత ముందుగా నీటి వేడిమిని పొరలుపొరలుగా కొలుతురు. మ్రోత పుట్టిన తావు ముందే తెలిసినచో, ఇదే లెక్కను త్రిప్పి అడుగున నున్నది ఇసుకయో బురదయో కనుగొందురు.