హస్తవాసిని నిందించకండి

అమెరికాలో ఉన్న మనవాళ్ల ఇళ్లలో చలికాలం పోయేసరికి వినిపించే మాట ఒకటుంది: "నా చెయ్యి మంచిది కాదండీ, కరివేపాకు పెడితే బతకదు." దయచేసి ఆ మాట మానేయండి. మొక్క చలికి పోయింది. కొనేముందు మీరు ఒక్క ప్రశ్న వేసుకోవాల్సింది: మా పెరట్లో ఏడాది మొత్తంలో అన్నిటికన్నా చల్లని రాత్రి ఎంత చలి ఉంటుంది?

విజయవాడలోనో వరంగల్లోనో పెరిగినవాళ్లకు ఈ ప్రశ్న తట్టదు. అక్కడ మొక్కకు గండం మే నెల ఎండ. న్యూజెర్సీలో గండం జనవరి రాత్రి. ఊరు మారినప్పుడు గండం కూడా మారిందని గుర్తించినవాళ్లు సగం గెలిచినట్టే.

మిగతా సగానికి అమెరికా వ్యవసాయ శాఖ పటం ఉంది. మొదట 1960లో వేశారు, తాజాది 2023లో వచ్చింది. అతి చల్లని రాత్రి ఎంత చలి ఉంటుందనే దాన్ని బట్టి మొత్తం 13 జోన్లు. జోన్‌కీ జోన్‌కీ 10 డిగ్రీల ఫారెన్‌హీట్ తేడా. ప్రతి జోన్‌లో మళ్లీ 'ఎ', 'బి' అని ఐదేసి డిగ్రీల సగాలు. జిప్ కోడ్ కొడితే మీ జోన్ వచ్చేస్తుంది. నర్సరీలో మొక్కకు కట్టిన చీటీ మీదా చాలామటుకు జోన్ రాసి ఉంటుంది. కరివేపాకు, మల్లె, మునగ ఏడాది పొడవునా నేలలో నిలబడాలంటే 9వ జోన్ లేదా అంతకంటే వెచ్చని చోటు కావాలి. న్యూజెర్సీలోని ఎడిసన్ 7వ జోన్. అక్కడ ఈ మూడింటికీ కుండీయే దారి.

ఇక అసలు జాగ్రత్త. ఆ జోన్ అంకె సగటు మాత్రమే. 1991 నుంచి 2020 దాకా ఏటా పడిపోయిన అత్యల్ప ఉష్ణోగ్రతలన్నీ కలిపి తీసిన సగటు. కొన్నేళ్లు చలి అంతకంటే దిగుతుంది. డాలస్ చాలామటుకు 8వ జోన్, అంటే మామూలు ఏడాదిలో 10 డిగ్రీల కిందికి పోకూడదు. 2021 ఫిబ్రవరి 16న సున్నా దాటి మరో రెండు డిగ్రీలు కిందికి పోయింది. టెక్సస్‌లో ఏళ్ల తరబడి కాస్తున్న నిమ్మ, నారింజ చెట్లు ఆ వారంలో ఎండిపోయాయి. కొత్త పటంలో దేశంలో సుమారు సగభాగం అర జోన్ వెచ్చబడిందని చూసి ధైర్యం తెచ్చుకుని కుండీలు బయట వదిలేయకండి. పైగా కుండీలో వేళ్లకు నేల రక్షణ ఉండదు. కుండీ మొక్కకు మీ జోన్ రెండు మెట్లు కిందికి దిగిందనే లెక్క వేసుకోండి.

జోన్ వేసవి సంగతి చెప్పదు. సియాటెల్, ఆస్టిన్ చలిలో ఇంచుమించు ఒకే జోన్, వేసవిలో వాటికి పోలికే లేదు. ఆస్టిన్ ఎండకు విరగబూసే మల్లె సియాటెల్‌లో మొగ్గ వేయడానికే తటపటాయిస్తుంది. గోంగూర, బెండ లాంటి ఒక్క కారు పంటలకైతే జోన్‌తో పనే లేదు. వసంతంలో ఆఖరి మంచు ఎప్పుడు, శరదృతువులో తొలి మంచు ఎప్పుడు, ఈ రెండు తేదీలు తెలిస్తే చాలు.

పటం చెప్పనిది మీ కళ్లే చెప్పాలి. మంచు పడిన రోజు పొద్దున్నే పెరడంతా ఒకసారి తిరగండి. ఎక్కడ తెల్లగా పేరుకుంది, దక్షిణపు గోడ వారన ఎక్కడ తొందరగా కరిగింది? చల్లగాలి పల్లంలోకి దిగి నిలుస్తుంది, గోడ పగటి వేడిని దాచుకుంటుంది. చూసింది తేదీతో సహా పుస్తకంలో రాసి పెట్టుకోండి. రెండు మూడేళ్లలో ఏ నర్సరీవాడూ ఇవ్వలేని పటం మీ దగ్గరే ఉంటుంది.

రాత్రి చలి 50 డిగ్రీలకు దిగడం మొదలవగానే కరివేపాకు కుండీని లోపలికి తెచ్చి, ఎండపడే కిటికీ దగ్గర పెట్టండి. నీళ్లు బాగా తగ్గించండి. ఆకులు పండి రాలితే కంగారుపడి పారేయకండి. గోటితో కాండం మీద కాస్త గీకి చూడండి. లోపల పచ్చగా ఉంటే అది బతికే ఉంది, వసంతం దాకా దాన్ని అలాగే ఉంచండి.