బొడ్డుతాటి రక్తము: గర్భవతులు ముందుగా తెలిసికొనవలసిన సంగతులు

బిడ్డ పుట్టిన పిమ్మట మాయ పడును. దానిని పెరటిలో పూడ్చిపెట్టుట మన పల్లెలలో ఆచారము. కొన్ని ఇండ్లలో ఎండి రాలిన బొడ్డును తాయెత్తులో నుంచి బిడ్డ మొలత్రాటికి కట్టుదురు. ఇంతకు మించి దానితో పని కలదని పూర్వులు తలచియుండలేదు. నేడు ఆ తాటిలోను, మాయలోను మిగిలిన రక్తమునకు విలువ ఏర్పడినది. విలువతోపాటు వ్యాపారమును ఏర్పడినది. కావున గర్భిణీ స్త్రీలును, వారి భర్తలును, ఇంటి పెద్దలును ఈ విషయమును ముందే తెలిసికొనవలెను. నొప్పులు వచ్చిన పిదప ఆలోచించుటకు వీలుండదు.

మన రక్తకణములు ఎముకల మూలుగలో నుండు మూలకణములనుండి పుట్టుచుండును. అట్టి మూలకణములు బొడ్డుతాటి రక్తమునందును ఉన్నవి. మూలుగ చెడిన రోగికి వీనిని ఎక్కించినచో, అవి మూలుగలో కుదురుకొని క్రొత్త రక్తమును పుట్టించును. 1988లో పారిస్ నగరమందలి సెయింట్ లూయీ ఆసుపత్రిలో డాక్టర్ ఎలియాన్ గ్లక్‌మన్ గారు మొదటిసారి ఈ చికిత్స చేసిరి. రోగి ఫాంకోనీ రక్తహీనత అను వంశపారంపర్య వ్యాధిగల బాలుడు. అతని చెల్లెలు పుట్టిననాడు సేకరించి ఘనీభవింపజేసి యుంచిన రక్తమును అతని కెక్కించిరి. బాలుడు బ్రతికెను. ఇచట గమనింపవలసినదేమనగా, అక్కరకు వచ్చినది అతని స్వంత రక్తము కాదు, చెల్లెలిది.

ఈ రక్తమును తీయుటవలన తల్లికిగాని బిడ్డకుగాని నొప్పి కలుగదు. బొడ్డు కట్టి కోసిన పిమ్మట, మాయవైపు మిగిలిన తాటిలోని రక్తనాళమునకు సూది గ్రుచ్చి, గడ్డకట్టకుండ మందు కలిపిన సంచిలోనికి పట్టుదురు. తల్లి రక్తమును అంటువ్యాధులకై పరీక్షింతురు. పనికివచ్చునని తేలిన రక్తమును ద్రవ నత్రజనిలో, సున్నకు దిగువ 196 డిగ్రీల సెంటీగ్రేడు శీతలమున నిలువచేయుదురు.

నొప్పి లేనంత మాత్రమున తొందరపడరాదు. బిడ్డ భూమిమీద పడిన తరువాతను తాడు కొంతసేపు కొట్టుకొనుచునే యుండును. ఆ కొద్ది నిమిషములలో మాయలోని రక్తము బిడ్డలోనికి చేరుచుండును. ఆ రక్తముతో వచ్చు ఇనుము మొదటి నెలలలో బిడ్డను రక్తహీనతనుండి కాపాడును. అందుచేతనే ప్రపంచ ఆరోగ్య సంస్థ ఒక నిమిషమునకు ముందు బొడ్డు కట్టవలదని చెప్పుచున్నది. 2018లో మన ప్రభుత్వము ఆరంభించిన అనీమియా ముక్త్ భారత్ కార్యక్రమము కనీసము మూడు నిమిషములు, లేదా తాడు కొట్టుకొనుట ఆగువరకు, ఆగవలెనని నిర్దేశించినది. బిడ్డకు ఊపిరి అందనిచో వైద్యుల నిర్ణయమే ప్రమాణము. ఇట్లు ఆగినచో సంచిలోనికి వచ్చు రక్తము తగ్గును. ఒక్కొక్కప్పుడు నిలువకు చాలదు. చాలకున్నను మంచిదే. సంచి నింపుటకై త్వరపడి బొడ్డు కట్టుట బిడ్డ సొత్తును బిడ్డ నోటినుండి తీయుట వంటిది.

ఇక రుసుము తీసికొని నిలువచేయు సంస్థల మాట. ఇది బిడ్డకు జీవిత బీమా వంటిదని వారు చెప్పుదురు. తల్లిదండ్రుల ప్రేమ నెరిగి చెప్పు మాట యిది. కాని తలసీమియా వంటి వ్యాధి పుట్టుకతో వచ్చినదైనచో, ఆ బిడ్డ బొడ్డు రక్తములోను అదే దోషముండును. దానితో ఆ బిడ్డకు చికిత్స చేయుట వ్యర్థము. రక్త క్యాన్సరు విషయమునందును, వ్యాధి బీజములు కొందరిలో పుట్టుకనాటికే రక్తమున ఉండవచ్చును. పైగా ఒక్క సంచిలోని కణములు పసివానికి చాలినను, పెరిగి పెద్దయిన మనుష్యునకు తరచుగా చాలవు. బిడ్డ స్వంత భవిష్యదవసరమునకై నిలువచేయుటకు శాస్త్రీయాధారము లేదని భారత వైద్య పరిశోధనా మండలి 2017 నాటి మార్గదర్శకములలో స్పష్టముగా చెప్పినది. సంస్థకు లైసెన్సు కలదు గదా యని కొందరందురు. లైసెన్సు నిలువచేయు పద్ధతికి. ఆ నిలువ మీకు అక్కరకు వచ్చునను హామీకి కాదు. దీనికై అప్పుచేయవలదు, ప్రసవమునకు దాచిన సొమ్మును తీయవలదు.

ఒక్క సందర్భము వేరు. ఇంట ఇదివరకే తలసీమియాతోనో, మూలుగ మార్పిడి అవసరమగు మరియొక వ్యాధితోనో బాధపడు బిడ్డ యున్నచో, పుట్టబోవు తోబుట్టువు బొడ్డు రక్తమును ఆ బిడ్డకై భద్రపరచుట నిజముగా ఉపయోగకరము. రెండు మూడు వారముల కొకమారు రక్తము ఎక్కించుకొనుచు పెరుగు పిల్లవానికి అది విముక్తి కావచ్చును. అయినను తోబుట్టువు రక్తము పూర్తిగా సరిపోవుటకు నాల్గింట ఒక వంతు అవకాశమే. క్రొత్త బిడ్డకును ఆ వ్యాధి రాకుండుటయు ముఖ్యము. దంపతులిద్దరును తలసీమియా వాహకులైనచో ప్రతి కాన్పునందును నాల్గింట ఒక వంతు భయముండును. అట్టివారు గర్భము తెలిసిన తొలి వారములలోనే పెద్దాసుపత్రిలో వైద్యుని సంప్రదింపవలెను. తొలి బిడ్డ కలుగబోవువారును వాహక పరీక్ష చేయించుకొనుట మేలు. దానికి కొద్దిపాటి రక్తము చాలును.

దానము మాట వేరు. దానమిచ్చిన రక్తము ఎవరికి సరిపోవునో ఆ రోగికి చెందును. తల్లిదండ్రులు రుసుము చెల్లింపరు, పిమ్మట హక్కును కోరరు. అయితే ఈ ఏర్పాటు అన్ని ఆసుపత్రులలో లేదు. మీ ఆసుపత్రికి దానము స్వీకరించు లైసెన్సుగల బ్యాంకుతో సంబంధమున్నదో లేదో ఏడవ నెలలోనే అడిగి, ఉన్నచో సమ్మతి పత్రమును చదివించుకొని సంతకము చేయవలెను. బొడ్డు ఎప్పుడు కట్టుదురో కూడ అప్పుడే అడుగుడు. ఆ ఏర్పాటు లేనిచో చింతింపవలదు. బిడ్డ తండ్రి ఆరోగ్యవంతుడైనచో మూలకణ దాతల పట్టికలో తన పేరు వ్రాయించుకొనవచ్చును. బుగ్గ లోపల దూదిపుల్లతో తుడిచిన నమూనా యిచ్చిన చాలును. తల్లి ప్రసవించి కోలుకొనిన పిమ్మట ఆమెయు వ్రాయించుకొనవచ్చును.