పగడాలకు తెలియకుండా దీపం మార్చడం

చిరంజీవి వంశీకి,

నాలుగు టి5 ట్యూబులు తీసేసి రెండు ఎల్‌ఈడీలు పెడదామనుకుంటున్నావనీ, ఏ కంపెనీవి కొనాలో చెప్పమనీ రాశావు. ముందు ఆ సంగతి తేల్చేస్తాను. రేడియన్ కొన్నా, హైడ్రా కొన్నా, కెసిల్ కొన్నా పగడాలు పెరుగుతాయి. పేరు కన్నా ముఖ్యం, వెలుగు ఎంత మేర పరుచుకుంటుందన్నది. నీ డెబ్భై అయిదు గ్యాలన్ల ట్యాంకు పొడవు 48 అంగుళాలు, వెడల్పు 18. ఒక్క దీపం మధ్యలో వేలాడదీస్తే నడుమ మండుటెండ, చివర్లలో చీకటి. రెండు కావాల్సిందే. ఎల్‌ఈడీ వెలుగు చిన్న చోటు నుంచి వస్తుంది కాబట్టి నీడలు గట్టిగా పడతాయి. నువ్వు ఆశపడుతున్న ఆక్రోపోరా పగడం కొమ్మలు గుబురయ్యాక వాటి కింది భాగానికి వెలుగు అందదు. అక్కడ కండ కరిగి ఉత్త అస్థిపంజరం బయటపడుతుంది. నన్నడిగితే పాత ట్యూబుల్లో రెండింటిని ముందొకటి, వెనకొకటి ఉంచేసి ఎల్‌ఈడీలను నడుమ బిగిస్తాను. చూడటానికి అంత అందంగా ఉండదు, మీ ఆవిడ ఏమంటుందో నీ ఇష్టం.

నువ్వు అడగకుండా వదిలేసింది అసలు ప్రశ్న: బిగించిన రోజున ఏం చేయాలి? నా లెక్క ప్రకారం ఆ రోజు మార్పు నీకు తెలియాలి, కరెంటు బిల్లుకు తెలియాలి. పగడాలకు మాత్రం తెలియకూడదు.

ఎందుకంటే వాటికి వెలుగు అలంకారం కాదు, అన్నం. పగడం కండలో జూజాంథెల్లే అనే ఏకకణ శైవలాలు కాపురం ఉంటాయి. అవి వెలుగుతో చక్కెర చేసి, అందులో పెద్ద వాటా ఇంటి యజమానికి ఇస్తాయి. వాటికి బాగా పనికొచ్చేది నీలం. సముద్రపు నీరు ఎరుపును మొదటి కొద్ది మీటర్లలోనే మింగేస్తుంది, నీలం మాత్రం లోతుకు దిగుతుంది. దానికి తగ్గట్టే వాటి వర్ణకాలు, అంటే క్లోరోఫిల్ ఎ, సి2, పెరిడినిన్, 400 నుంచి 500 నానోమీటర్ల మధ్య వెలుగును ఎక్కువగా పట్టుకుంటాయి. నీ ఎల్‌ఈడీలో రాయల్ బ్లూ అని రాసి ఉన్న చానెల్ 450 దగ్గర వెలుగుతుంది. పెరుగుదలలో చాలా భాగం దాని పుణ్యమే. ఆ నీలి ఎల్‌ఈడీ తయారవడానికే దశాబ్దాలు పట్టింది. అకసాకి, అమానో, నకమురాలకు 2014లో నోబెల్ ఇచ్చింది అందుకే. వాళ్ళు ఇళ్ళల్లో దీపాల గురించి ఆలోచించి ఉంటారు గానీ, మన గాజు పెట్టెల్లో పగడాలు కూడా బాగుపడ్డాయి.

అంతకుముందు మేము మెటల్ హాలైడ్‌లు వాడేవాళ్ళం. ఒక్కొక్కటి 250 వాట్లు, కొందరైతే 400. కింద నీళ్ళు కాగిపోతుంటే వాటిని చల్లబరచడానికి ఇంకో యంత్రం. ఏడాదికోసారి బల్బు మార్చకపోతే వెలుగు రంగు దారి తప్పేది. డబ్బా మీద 20,000 కెల్విన్ అని ఉంటే నమ్మి కొనేవాళ్ళం. పెన్ స్టేట్ యూనివర్సిటీలో ఇంజినీరింగ్ ప్రొఫెసర్ సంజయ్ జోషీ బల్బుల్ని ఒక్కొక్కటిగా పరికరం కింద పెట్టి కొలిచి రాశాక తెలిసింది, ఒకే అంకె రాసి ఉన్న రెండు బల్బులకు పోలికే ఉండకపోవచ్చని. వాట్లు చూసి, కెల్విన్లు చూసి కొనకూడదని నాకు తెలిసివచ్చింది ఆయన వ్యాసాల వల్లే.

ఇప్పుడు చిక్కంతా మన కంటితో. మనిషి కన్ను పగటిపూట 555 నానోమీటర్ల దగ్గర, అంటే పసుపు కలిసిన ఆకుపచ్చకు, బాగా స్పందిస్తుంది. 450 దగ్గర నీలం మనకు మసకగా కనిపిస్తుంది. కొత్త దీపం నీలంగా వెలిగించి చూస్తావు, పాత ట్యూబుల కన్నా చీకటిగా ఉందే అనిపిస్తుంది, ఇంకాస్త పెంచుతావు. నీ కంటికి సాయంకాలంలా ఉన్న ఆ వెలుగు పగడానికి నడినెత్తిన సూర్యుడు. కొత్త ఎల్‌ఈడీల కింద పగడాలు మాడిపోయిన ఇళ్ళల్లో సగం కథ ఇదే. లక్స్ మీటరూ ఫోనులో యాప్‌లూ కూడా మన కన్ను చూసినట్టే చూస్తాయి, వాటినీ నమ్మకు.

కొలవాల్సింది పార్. 400 నుంచి 700 నానోమీటర్ల మధ్య ఫోటాన్లు సెకనుకు ఒక చదరపు మీటరు మీద ఎన్ని మైక్రోమోళ్ళు పడుతున్నాయో అది చెబుతుంది. యూటాలోని అపోజీ కంపెనీ చేసే మీటరునే చాలామంది వాడతారు. కొనక్కర్లేదు, పగడాలు అమ్మే కొన్ని దుకాణాల్లో అద్దెకు ఇస్తారు. తీసుకునేటప్పుడు ఏ మోడలో అడుగు. పాత రకం సెన్సర్ ముదురు నీలాన్ని తక్కువ చేసి చూపిస్తుంది, ఎల్‌ఈడీకి అది పనికిరాదు. ఫుల్ స్పెక్ట్రమ్ అని ఉన్నదే తెచ్చుకో.

మీటరు తెచ్చిన రోజున ట్యూబుల్ని తీయకు. ముందు పాత వెలుగు కిందే ప్రతి పగడం పక్కనా కొలిచి కాగితం మీద రాసుకో. ఇసుక మీద 70, రాళ్ళ నడుమ 120, పై కొమ్మ దగ్గర 220 వచ్చిందనుకో. కొత్త దీపాన్ని నీటికి పది అంగుళాల ఎత్తున కట్టి, అవే చోట్ల అవే అంకెలు వచ్చేదాకా తగ్గించు. ఆ స్లైడరు 35 శాతం దగ్గర ఆగితే ఆగనీ. ఇంత డబ్బు పోసి కొన్నది 35 శాతంలో నడుస్తోందని మనసు పీకుతుంది. పీకనీ. నీడపట్టున పెరిగిన మొక్కను మే నెల ఎండలో పెడితే ఏమవుతుందో మీ నానమ్మ పెరట్లో చూశావు కదా.

ఒకట్రెండు వారాలు అలాగే ఉంచి, ఆ తర్వాత వారానికి ఐదు శాతం చొప్పున పెంచు. కొన్ని దీపాల్లో అలవాటు చేయడానికి ఒక మోడ్ ఉంటుంది, అది నీకు బదులు లెక్క చూసుకుంటుంది. ఎంతదాకా పెంచాలన్నది జాతిని బట్టి. తోలు పగడాలు, జోయాంథిడ్‌లు 50 నుంచి 100 పార్‌తో తృప్తిగా ఉంటాయి. నీ యుఫిలియాలకు 100, 150 చాలు. ఆక్రోపోరాకి 250, 350. మైక్రోముస్సాలకు ఎక్కువ వెలుగు గిట్టదు, వాటిని ఇసుక మీదే ఉండనీ. ఆక్రోపోరా కోసం మొత్తం ట్యాంకులో వెలుగు పెంచొద్దు. పై రాయి మీద 300 వచ్చేలా, కింద 80 ఉండేలా దీపాన్ని సర్దుకోవడమే పనితనం.

గంటలు కూడా లెక్కలోకి వస్తాయి. 200 పార్ పన్నెండు గంటలు పడ్డా, 300 పార్ ఎనిమిది గంటలు పడ్డా రోజు మొత్తానికి అందే ఫోటాన్లు ఒక్కటే. కాబట్టి తీవ్రత పెంచేటప్పుడు గంటలు తగ్గించు. ఒక హద్దు దాటాక శైవలాలు ఆ వెలుగును వాడుకోలేవు. మిగిలిన శక్తి కణంలో విషపు ఆక్సిజన్ రూపాలుగా మారుతుంది, పగడం ఆ శైవలాల్ని బయటికి గెంటేస్తుంది. కండ పారదర్శకమై తెల్లటి ఎముక కనబడుతుంది. గ్రేట్ బ్యారియర్ రీఫ్‌లో 2016లో జరిగింది వేడి వల్ల, కానీ లోపల నడిచే యంత్రాంగం ఇలాంటిదే. వేడీ వెలుగూ కలిస్తే దెబ్బ రెట్టింపు. అందుకే ఈ పని జూలైలో పెట్టుకోకు, నీళ్ళు 26 డిగ్రీల దగ్గర నిలకడగా ఉన్న నెలలో చేయి.

పగడం రంగు ముదిరి గోధుమ రంగులోకి దిగితే వెలుగు చాలక శైవలాల్ని పెంచుకుంటోందని అర్థం. జోయాంథిడ్‌లు మెడలు సాచితే కూడా అంతే. మరీ తళతళలాడుతూ నియాన్ రంగులు తేలితే మురిసిపోకు. శైవలాలు పోతూ ఉన్నప్పుడు కూడా మెరిసే ప్రొటీన్లు మిగిలి ఉంటాయి, పగడం చచ్చే ముందు అందంగా కనిపించిన సందర్భాలున్నాయి.

ఇక, దీపాలు అమ్మేవాళ్ళు చెప్పని సంగతి. వెలుగు పెరిగితే పగడం ఎముక కట్టే వేగమూ పెరుగుతుంది. ఎముక అంటే కాల్షియం కార్బొనేట్, నీళ్ళల్లోంచే లాగుతుంది. ఇప్పుడు నీ ట్యాంకులో ఆల్కలినిటీ రోజుకు అర డీకేహెచ్ పడుతోందనుకుంటే అది ఒకటి కావచ్చు. దీపం మార్చాక ఆరు వారాలు రోజూ ఒకే వేళకు ఆల్కలినిటీ కొలువు. 8, 9 మధ్య నిలబెట్టు. కాల్షియం 420, మెగ్నీషియం 1300 పీపీఎమ్ దగ్గర ఉంటే వారానికోసారి చూసినా చాలు. నైట్రేటును సున్నాకు తెచ్చానని గర్వపడ్డావు, ఆ గర్వం దించుకో. వెలుగు ఎక్కువ, ఆల్కలినిటీ ఎక్కువ, ఆహారం సున్నా అయితే ఆక్రోపోరా కొసలు కాలిపోతాయి. 5 పీపీఎమ్ నైట్రేట్ ఉండాలి.

ఇంకో మెలిక. ఆవిరైన నీటికి బదులు పోసే నీళ్ళల్లో నువ్వు సున్నం కలుపుతున్నావు కదా? తీసేసిన ట్యూబుల వేడి (నాలుగూ తీస్తే 216 వాట్లు) నీటి మీద నుంచి తగ్గిపోతే ఆవిరయ్యేదీ తగ్గుతుంది. అంటే పగడాలు ఎక్కువ సున్నం అడుగుతున్న వారంలోనే నువ్వు తక్కువ పోస్తావు. లోటును విడిగా మందు పోసి పూడ్చు. హీటరు కూడా మునుపటి కన్నా ఎక్కువ పనిచేయాల్సి వస్తుంది, పాతదైతే ముందే మార్చు.

దీపాలు బిగించేటప్పుడు వైర్లు ప్లగ్గు కన్నా కిందికి ఒక వంపు తిరిగి పైకి వెళ్ళాలి, ఉప్పు నీటి చుక్క అక్కడే రాలిపోతుంది. సాకెట్టు, కరెంటు లీకైతే వెంటనే ఆపేసే జీఎఫ్‌సీఐ రకానిది అయి తీరాలి. లెన్సు మీద పేరుకునే ఉప్పు తడిగుడ్డతో తుడుస్తుండు.

విశాఖలో ఉన్న మీ తమ్ముడు బీచిలో దొరికిన పగడాలు ట్యాంకులో పెట్టుకోవచ్చా అని నన్ను అడిగాడు. వద్దని గట్టిగా చెప్పు. రాతి పగడాలన్నీ 1972 వన్యప్రాణి రక్షణ చట్టం మొదటి షెడ్యూల్లో ఉన్నాయి, చనిపోయిన ముక్క ఏరుకున్నా నేరమే. నువ్వూ సముద్రంలోంచి తెచ్చినవి కొనకు. ఇళ్ళల్లో విరిచి పెంచిన పిలకలు బోలెడు దొరుకుతాయి, కృత్రిమ దీపాలకు అవి ముందే అలవాటు పడి ఉంటాయి.

పాత ట్యూబులు మూడు నెలల దాకా అమ్మేయకు. కొలిచిన అంకెలు, ఆల్కలినిటీ పట్టిక నాకు పంపించు. ఫోటో కూడా పంపేటట్టయితే నీలం తగ్గించి తెల్ల వెలుగులో తియ్యి, నీలంలో తీస్తే నాకేమీ తెలియదు.

ఆశీస్సులతో,
మీ అత్తయ్య