ముగ్గురు చెప్పిన మూడు పేర్లు

చిరంజీవి బంగారు తల్లికి,

మూడూ రాయి. ఇందులో అంత బెంగపడాల్సిందేమీ లేదు. చేపల వేటకెళ్ళే ఆయన ఆ చోటుని ‘పాతమొగ’ అన్నాడు, గేదెలు కాసే మామ్మ ‘పీతలదిబ్బ’ అంది, రైతేమో ‘కరణంగారి మెరక’ అన్నాడు, అసలు పేరేది తాతయ్యా అని అడిగావు. పడవ నడిపేవాడికి ఒకప్పుడు ఏరు సముద్రంలో కలిసిన చోటు గుర్తుండాలి. మామ్మకి ఉప్పునీరు ఎక్కినప్పుడు గేదెల్ని తోలుకెళ్ళే ఎత్తు కావాలి. రైతుకి ఆ నేల ఎవరిదో తెలియాలి. ముగ్గురి పనులూ వేరు కాబట్టి పేర్లూ వేరయ్యాయి. ఒకదాన్ని ఉంచి రెండింటిని కొట్టేస్తే ఇద్దరి బతుకుతెరువు నక్షా మీంచి తుడిచేసినట్టే.

నువ్వు నక్షా కోసం సేకరించి పంపిన పేర్ల పట్టిక చూశాను. ‘అర్థం’ గడులన్నీ నిండి ఉన్నాయి, ‘చెప్పినవారు’ గడులు సగం ఖాళీ! పీతలదిబ్బకి ఎదురుగా ‘పితృదిబ్బ అయి ఉండవచ్చు’ అని రాశావు. అది చదివి మీ అమ్మమ్మ ఒకటే నవ్వు. దివిసీమలో వర్షాకాలం ఒక్కరోజు ఆ దిబ్బ మీద నిలబడితే ఆ పేరెందుకు వచ్చిందో నీ కాళ్ళే చెబుతాయి. పేరు వినగానే సంస్కృతంలోకి పరిగెత్తడం మన చదువుకున్నవాళ్ళకి పాత జబ్బు. ముందు పేరు, పలికినవాళ్ళ గొంతుతో సహా రికార్డు చెయ్యి. తర్వాత ఆ చోట నిలబడి ఫోనులో అక్షాంశ రేఖాంశాలు పట్టుకో. ఆ పేరు ఎందుకొచ్చిందని ఊళ్ళోవాళ్ళు చెప్పే కథ వేరే గడిలో రాయి. నీ ఊహ చిట్టచివర, పెన్సిలుతో.

ఈ పని నువ్వే మొదలుపెట్టావనుకోకు. రెండువందల ఏళ్ళ కిందట కల్నల్ కాలిన్ మెకంజీ కోసం మన ఏలూరు కుర్రాడు కావలి వెంకట బొర్రయ్య, ఆయన తమ్ముడు లక్ష్మయ్య ఊరూరి వృత్తాంతాలు సేకరించారు. బొర్రయ్య 1803లోనే, పాతికేళ్ళు దాటీ దాటకుండా పోయాడు. పని మాత్రం ఆగలేదు. మెకంజీ 1815లో భారతదేశానికి మొదటి సర్వేయర్ జనరల్ అయ్యాడు, 1821లో కన్నుమూశాడు. అలా పోగైనవే మనం కైఫియతులు అంటున్నవి. ఊరు ఎలా పుట్టింది, గుడి ఎవరు కట్టారు, ఏ మాన్యం ఎవరిది, అన్నీ ఉంటాయి. నాకు వాటిమీద ఎంత ప్రేమో నీకు తెలుసు. కానీ చాలాచోట్ల వాటిలో వినబడేది కరణం గొంతు, పెద్దల గొంతు. వల వేసేవాడు, కలుపు తీసే మనిషి ఆ చోటుని ఏమనేవారో అందులో వెతికితే దొరకడం కష్టం. నీ పట్టికలో ఆ ఖాళీ గడులు చూసి కోపం వచ్చింది అందుకే.

ఇంకో చిత్రం చెప్పనా? ఈ మెకంజీది స్కాట్లండులో స్టోర్నోవే. అదే ఊళ్ళో పుట్టిన ఇంకో మెకంజీ, అలెగ్జాండర్, 1789లో కెనడాలో ఒక మహానది వెంట ఆర్కిటిక్ సముద్రం దాకా వెళ్ళాడు. ఆ నదికి అతని పేరే నిలిచింది. ఆ నది డెల్టాలో తరతరాలుగా ఉన్న గ్విచిన్ జనానికి మాత్రం అది నాగ్విచూన్జిక్. వాళ్ళ సాంస్కృతిక సంస్థ 1990ల నుంచి పెద్దవాళ్ళని కూర్చోబెట్టి పేర్లు, వాటి కథలు రాసుకుంటూ వచ్చింది. ఆర్కిటిక్ రెడ్ రివర్ అనే ఊరు 1994లో సీగెచిక్ అయింది. 2013లో అక్కడి ప్రభుత్వం 400కు పైగా గ్విచిన్ పేర్లను అధికారికంగా ఒప్పుకుంది. పెద్దవాళ్ళు ఉండగానే అడిగారు కాబట్టి అది సాధ్యమైంది.

మనకీ అంతే తొందర ఉంది. నేను సర్వే శాఖలో గొలుసు పట్టినవాణ్ణి. పొలాల కొలతల పుస్తకం ఎఫ్‌ఎంబీలో ప్రతి గట్టు కొలతా దొరుకుతుంది, ఆ చేనుని ఊళ్ళో ఏమంటారో దొరకదు. కైకలూరు వైపు నాలుగు చేలు కలిపి ఒక చేపల చెరువు తవ్వితే గట్లతోపాటు నాలుగు పేర్లూ పొక్లెయిను ఎత్తుకుపోతుంది. 2022లో కైకలూరు కృష్ణాజిల్లాలోంచి ఏలూరు జిల్లాలోకి వెళ్ళింది. అలాంటి మార్పుకి జీవో ఉంటుంది. చేను పేరు పోతే ఏ జీవో రాదు.

బెజవాడలోనూ వదలొద్దు. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి సింగ్‌నగర్, పాయకాపురం రోజుల తరబడి నీళ్ళలో నానాయి. ఇళ్ళు లేవక ముందు ఆ నేలని తెలిసినవాళ్ళు ఇంకా ఉన్నారు. ఎక్కడ పల్లం అనేవారో, ఎక్కడ మెరక అనేవారో అడిగి, నీళ్ళు నిలిచిన చోట్ల పక్కన పెట్టి చూడు. కలిసిన చోటా రాయి, కలవని చోటా రాయి. పేరు చెప్పిందల్లా నిజం కావాలని లేదు, నది దూరం జరిగిపోయినా లంక అనే పేరు ఉండిపోతుంది.

ఇక ఇంగ్లీషు స్పెల్లింగులో రాయడం మానెయ్యి. ఉయ్యూరుకి ముందు ‘వి’ తగిలించే ఆ లిపిలో డకీ దకీ, లకీ ళకీ తేడా దొరకదు. తెలుగులో రాయి, దీర్ఘాలు సరిచూసుకో. ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్‌లో తెలుగు పేరుకీ, స్థానికంగా పిలిచే పేరుకీ, పాత పేరుకీ వేర్వేరు చోట్లున్నాయి. నీ మూడు పేర్లకీ చోటు దొరుకుతుంది.

అయితే ఎక్కించే ముందు ఒక పని. నక్షా పెద్ద కాగితం మీద అచ్చు వేయించి ఊరి రచ్చబండ దగ్గర పరిచి పెట్టు. ఒకాయన తప్పంటాడు, ఇంకొకాయన కాదంటాడు, కాసేపు అరుచుకుంటారు. నువ్వు మాట్లాడకుండా రాసుకో. ఆ తగవులోనే కొత్త పేర్లు బయటికొస్తాయి. చేపలు బాగా పడే చోట్లు, పూజ చేసుకునే చోట్లు ఎవరికీ చెప్పొద్దంటే చెప్పకు, ఆ మాట కాలేజీలో మీ మాస్టారికి కూడా వర్తిస్తుంది. మామ్మని మాత్రం తప్పకుండా పిలు. కుర్చీ వెయ్యి. మగవాళ్ళందరూ చెప్పాక కాదు, ముందే అడుగు.

ఆశీస్సులతో,
మీ తాతయ్య