రాత్రి భోజనమున పెరుగు

రాత్రివేళ పాడి పదార్థములను ఆయుర్వేదము నిషేధించినదని పలువురు చెప్పుచుందురు. ఈ మాట సగమే సత్యమని మా అభిప్రాయము. చరకసంహిత సూత్రస్థానము 7వ అధ్యాయమున రాత్రి తినరాదని చెప్పబడినది పెరుగు. ఆ నియమము పాలకు గాని, మజ్జిగకు గాని చెప్పినది కాదు. పాలు, నేయి నిత్యము సేవింపదగినవని ఆ గ్రంథమే 5వ అధ్యాయమున చెప్పుచున్నది.

పెరుగు గురువు, ఉష్ణవీర్యము, అభిష్యంది. అభిష్యంది యనగా దేహమందలి స్రోతస్సులను చెమర్చి అడ్డగించునది. కఫమును, పిత్తమును పెంచును. రాత్రి తొలిభాగము కఫమునకు ప్రబలకాలము గనుక అప్పుడు పెరుగు తగదని వైద్యుల వివరణ. యునానీ హకీములు మాత్రము పెరుగును చల్లని స్వభావము గలదిగా ఎంచుదురు! వేడిచేసిన పెరుగును సైతము చరకము వలదన్నది. పెరుగులో మాంసము నానబెట్టి బిర్యానీ వండు మన హైదరాబాదువారు ఆ మాటను ఎన్నడును లెక్కచేయలేదు.

మిక్కిలి విచిత్రమైన సంగతి 27వ అధ్యాయమున కలదు. పీనసమునకు, అతిసారమునకు, అరుచికి, కృశత్వమునకు పెరుగు మేలని అచ్చట చెప్పబడినది. పీనసమనగా ముక్కు కారు జలుబే గదా! తుమ్ము వచ్చినంతనే రాత్రి తిన్న పెరుగును నిందించువారు ఈ భాగమును చదువవలెను. శరత్తు, గ్రీష్మ, వసంతములందు పెరుగు సాధారణముగా తగదనియు అచ్చటనే ఉన్నది. మన ఎండలలో పెరుగన్నము మానువారెందరు?

చిలికి, వెన్న తీసి, నీరు చేర్చిన మజ్జిగ తేలిక. గ్రహణి, మూలవ్యాధులకు చరకము దానిని ఎంతయో కొనియాడినది.

గడియారము చూచి పెరుగు మానుమని నేటి పోషకాహార శాస్త్రము చెప్పదు; తిన్న వెంటనే పండుకొనవలదని మాత్రము చెప్పును. తోడుపెట్టినప్పుడు సూక్ష్మజీవులు లాక్టోజులో కొంతభాగమును లాక్టిక్ ఆమ్లముగా మార్చును గనుక, పాలు సరిపడని వారికి పాలకంటె పెరుగే సులభముగా జీర్ణమగును.

ఇది వసతిగృహ విద్యార్థులకు కేవలము గ్రంథచర్చ కాదు. పప్పు పలుచనైన రాత్రి వారికి మాంసకృత్తులు లభించునది ఆ గరిటెడు పెరుగు వలననే. శాస్త్రము పేర దానిని తొలగింపదలచిన కమిటీవారు, బదులుగా పాలనైనను ఈయవలెను. మజ్జిగ చేయించినచో నీరు చేరిన కొలది పుష్టి తగ్గునని గమనింపవలెను. లేదా భోజనపు గంటను తొమ్మిదింటికి బదులు ఏడింటికి కొట్టించినను చాలును.