మూగజీవికి పొరపాటున గాయమైతే...

మాచర్ల ప్రాంతం నుంచి ఒక సోదరి మాకు ఉత్తరం వ్రాశారు. రెండేళ్ల క్రితం పొలం గట్టున దొరికిన నక్షత్ర తాబేలును వారి ఇంట్లో పెంచుకుంటున్నారు. ఒకరోజు ఆమె చేతిలోని బిందె జారి దాని మీద పడింది. చిప్ప అంచు పెచ్చులేచి కొద్దిగా రక్తం వచ్చింది. అప్పటి నుంచి నమాజులో నిలబడినా అదే గుర్తుకొస్తోందట. తాను పాపం మూటగట్టుకున్నానా, దీనికి కఫ్ఫారా ఏమైనా చెల్లించాలా అని అడిగారు.

మూగజీవి బాధకు కరిగే హృదయం అల్లాహ్ ప్రసాదించిన వరం. కాబట్టి ఈ ప్రశ్నను తేలిగ్గా తీసిపారేయకూడదు.

పాపం ఉందా?

పొరపాటున జరిగిన దానికి దోషం లేదనీ, మనసు పూనుకొని చేసిన దానికే పట్టు ఉందనీ దివ్య ఖుర్ఆన్ అహ్‌జాబ్ సూరా 5వ ఆయతు తెలుపుతోంది. ఈ ఆయతు దత్తపుత్రులను ఎవరి పేరుతో పిలవాలన్న సందర్భంలో అవతరించినా, ధర్మవేత్తలు దీని నుంచి విశాలమైన నియమాన్ని గ్రహించారు. అందువల్ల చేయి జారి తగిలిన దెబ్బకు ఆ సోదరిపై పాపం లేదు. నిర్ణీత కఫ్ఫారా కూడా లేదు. ఇస్తిగ్‌ఫార్ చేసుకోవచ్చు, ఇష్టమైతే సదఖా ఇవ్వవచ్చు. అంతకుమించి రాత్రింబవళ్లు కుమిలిపోవడం షైతాను రేపే వస్వసా మాత్రమే.

అయితే చిప్పకు రంధ్రం పొడిచి తాడు కట్టడం, పిల్లలు వేడుకకు దాన్ని వెల్లకిలా తిప్పుతుంటే చూస్తూ ఊరుకోవడం పొరపాట్లు కావు. వాటికి జవాబు చెప్పుకోవలసి ఉంటుంది.

బాధ్యత తీరిందా?

పాపం లేదన్నంత మాత్రాన బాధ్యత లేదని కాదు. అనుకోకుండా ఒక విశ్వాసి ప్రాణం తీసినవాడు కూడా రక్తపరిహారం, కఫ్ఫారా చెల్లించాలని నిసా సూరా 92వ ఆయతు ఆదేశిస్తోంది. అది మనిషి ప్రాణానికి సంబంధించిన ఆదేశమే. కానీ పొరపాటు తర్వాత కూడా చేయవలసిన పని మిగిలే ఉంటుందన్న పాఠం అందులో ఉంది. పొరుగువాని మేకకు మన వల్ల దెబ్బ తగిలితే, కావాలని చేయకపోయినా నష్టం కట్టివ్వాలి. మన సంరక్షణలో ఉన్న జీవి గాయపడితే వైద్యం చేయించాలి.

తాబేటి చిప్ప రాయిలాంటిదని కొందరు అనుకుంటారు. అది సజీవమైన ఎముక. దానికి రక్తప్రసరణ, స్పర్శ ఉన్నాయి. పైపై గాయమైతే శుభ్రమైన గోరువెచ్చని నీటితో కడిగి, పలుచన చేసిన అయోడిన్ మందు అద్ది, ఈగలు వాలని పొడిచోట ఉంచాలి. పగులును జిగురుతో అంటించరాదు. లోపల చీము పట్టవచ్చు. రక్తం ఆగకపోయినా, పగులు లోతుగా ఉన్నా, తిండి మానేసినా వెంటనే పశువుల డాక్టరుకు చూపించాలి. ముట్టుకున్న ప్రతిసారీ చేతులు సబ్బుతో కడుక్కోవాలి.

అడగని ప్రశ్న

ఆ సోదరి అడగని ప్రశ్న ఒకటుంది. అసలు ఆ తాబేలు వారింట్లో ఎందుకుంది?

పెంపుడు జీవులను ఇస్లాం నిషేధించలేదు. హజ్రత్ అనస్ (రజి) చిన్న తమ్ముడు అబూ ఉమైర్ ఒక పిట్టను పెంచుకున్నాడు. అది చనిపోయినప్పుడు దైవప్రవక్త (స) ఆ పసివాణ్ణి ఆప్యాయంగా పలకరించారు. కానీ పిల్లిని బంధించి, తిండి పెట్టక, నేలమీది పురుగూపుట్రా తిననివ్వక చంపిన స్త్రీ నరకానికి పోయిందని కూడా ఆయన (స) హెచ్చరించారు. ఒక ప్రయాణంలో సహచరులు పక్షి పిల్లలను పట్టుకోగా తల్లిపక్షి తల్లడిల్లిపోయింది. ఆయన (స) ఆ పిల్లలను తిరిగి దానికి అప్పగించమన్నారు. ఈ హదీసు అబూ దావూద్‌లో ఉంది.

నక్షత్ర తాబేలు పొదలూ గడ్డీ ఉన్న మెట్ట నేలల్లో తిరిగే వన్యప్రాణి. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం దాన్ని పట్టుకోవడం, ఇంట్లో ఉంచుకోవడం నేరం. దాని అంతర్జాతీయ వ్యాపారాన్ని కూడా 2019లో నిషేధించారు. అది ఇంట్లో ఉంటే సిరి కలిసొస్తుందన్న నమ్మకం కొందరిలో ఉంది. లాభనష్టాలు అల్లాహ్ చేతిలోనే ఉన్నాయని నమ్మే విశ్వాసికి అది తగదు.

కాబట్టి మా సలహా ఇది. ముందు గాయానికి చికిత్స చేయించండి. ఆలస్యం చేయక, ఇంటి పెద్దలతో కలిసి వెళ్లి దగ్గరలోని అటవీ శాఖ కార్యాలయంలో తాబేలును అప్పగించండి. మీరే పొలంలో వదలకండి. గాయపడిన జీవి అక్కడ బతకడం కష్టం. ఇంట్లో సోకిన రోగం అడవిలోని తాబేళ్లకు కూడా అంటుకోవచ్చు.

మీ అమ్మాయి దానికి రోజూ ఆకులు పెడుతుందని వ్రాశారు. ఆమె ఏడుస్తుంది. కసురుకోకండి. పక్షి పిల్లల సంఘటన వినిపించండి. తనకు ఇష్టమైన దాన్ని అల్లాహ్ కోసం వదులుకోవడం ఆమె నేర్చుకోబోయే మొదటి పాఠం ఇదే కావచ్చు.

అల్లాహ్ మన పొరపాట్లను క్షమించి, నోరులేని జీవుల పట్ల మన బాధ్యతను నెరవేర్చే సద్బుద్ధిని ప్రసాదించుగాక! ఆమీన్.